ఒక చెయ్యి పట్టేంత చీకటి

కాబూల్‌లో ప్రభుత్వ కార్యాలయాల గోడల పక్కన, మూడు కాళ్ల మీద నిలబెట్టిన చెక్క పెట్టె దశాబ్దాల పాటు ఫొటో స్టూడియోగా పనిచేసింది. దరీ భాషలో దాన్ని కమ్రా-ఎ-ఫౌరీ అంటారు. అప్పటికప్పుడు ఫొటో చేతిలో పెట్టే కెమెరా అన్నమాట. దాన్ని ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. ఫొటోగ్రాఫర్ తానే కోసి, మేకులు కొట్టి చేసుకునేవాడు, లేదంటే తెలిసిన వడ్రంగికి కొలతలు చెప్పి చేయించుకునేవాడు. కొనక తప్పనివి లెన్సు, ఫొటో పేపరు, పేపరు మీద బొమ్మను తేల్చే డెవలపరు, తేలిన బొమ్మను నిలిపే ఫిక్సరు. మిగతాదంతా చెక్క, గాజు, గుడ్డ, ఇనప కడ్డీ.

ఈ పెట్టె బొమ్మ చూసినవాళ్లు చాలామంది దాని మోటుదనానికి ముచ్చటపడతారు. పాపం, ఏమీ లేకపోయినా ఎలాగో నెట్టుకొచ్చారని జాలి కూడా పడతారు. నాకు ఆ జాలి రాదు. లోపలి అమరిక అర్థమయ్యేకొద్దీ, ఇంత లెక్కగా ఆలోచించి చేసిన పనిముట్టు ఫొటోగ్రఫీలో అరుదనిపిస్తుంది. ఆ లెక్క ఏమిటో విప్పి చూపించాలనే ఈ వ్యాసం.

ముందు అవసరం సంగతి. అఫ్గానిస్తాన్‌లో గుర్తింపు పత్రాన్ని తజ్కిరా అంటారు. దానికీ, పాస్‌పోర్టుకీ, రకరకాల దరఖాస్తులకీ ఫొటో కావాలి. పల్లె నుంచి పట్నానికి పనిమీద వచ్చిన మనిషి ఆ పూటే పని ముగించుకుని పోవాలి. ఇవాళ ఫొటో దిగి, ఎల్లుండి వచ్చి తీసుకోమంటే కుదరదు. రోడ్డు పక్కన కరెంటు ఉండదు, డార్క్‌రూమ్ ఉండదు. అందుకని డార్క్‌రూమునే కెమెరా లోపలికి తెచ్చేశారు. మనిషి మొత్తం చీకట్లోకి వెళ్లనక్కర్లేదు, పనిచేసే చెయ్యి ఒక్కటి వెళ్తే సరిపోతుందని గ్రహించడంలోనే ఈ కెమెరా పుట్టింది.

పెట్టె ముందు పలకకు లెన్సు ఉంటుంది, తరచుగా ఏ పాత మడత కెమెరా నుంచో విప్పింది. లోపల దానికి ఎదురుగా ఒక నిలువు చట్రం, ఆ చట్రంలో గరుకు గాజు పలక. చట్రాన్ని ఒక కడ్డీకి బిగించి, కడ్డీ కొసను వెనక గోడలోంచి బయటికి తీస్తారు. కడ్డీ లాగితే గాజు వెనక్కి వస్తుంది, తోస్తే లెన్సు వైపు జరుగుతుంది. ఫోకస్ చెయ్యడానికి ఇంకే యంత్రమూ లేదు. వెనక తలుపు తీసి గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూసుకుంటారు. పక్క గోడకు చెయ్యి దూరేంత రంధ్రం, దానికి బిగించిన నల్లగుడ్డ తొడుగు. పాత కోటు చెయ్యి కోసి కుట్టినా పని జరుగుతుంది. పై పలకలో కన్ను ఆనించడానికి చిన్న కన్నం, దానికో మూత, పక్కనే ఎర్ర గాజు బిగించిన చిన్న కిటికీ. అడుగున రెండు ట్రేలు, ఒక మూల ఫొటో పేపరు డబ్బా.

ఫొటో దిగే మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, ఫోకస్ సరిచేసి, కడ్డీని కదలకుండా బిగిస్తారు. తలుపు మూసి, లెన్సుకు మూత పెట్టి, తొడుగులోంచి చెయ్యి లోపలికి పెడతారు. డబ్బాలోంచి ఒక పేపరు తీసి, వేళ్లతో తడిమి ఏ వైపు రసాయనపు పూత ఉందో తెలుసుకుని, ఆ వైపు లెన్సుకు ఎదురుగా ఉండేట్టు గరుకు గాజుకు ఆనిస్తారు. ఇక్కడ ఒక సున్నితమైన సంగతి ఉంది. గాజుకు గరుకు ఉన్న ముఖం లెన్సు వైపే తిరిగి ఉండాలి. అప్పుడు బొమ్మ పడిన తలమూ, పేపరు ఆనుకునే తలమూ ఒకటే అవుతాయి. గాజును తిప్పి బిగిస్తే ఫోకస్ చూసేది గాజు మందానికి ఆవల, పేపరు ఉండేది ఈవల. కంటికి స్పష్టంగా కనిపించిన ముఖం ఫొటోలో మసకగా వస్తుంది.

తర్వాత రెండో చేత్తో లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్లీ మూసేస్తారు. లోపలి చెయ్యి పేపరును డెవలపర్‌లో ముంచుతుంది. పై కన్నంలోంచి, ఎర్రటి వెలుగులో, బొమ్మ నల్లబడటం చూస్తారు. చాలనిపించగానే పేపరు ఫిక్సర్‌లోకి పోతుంది. డెవలపర్‌లో ఫిక్సర్ కలిస్తే ఆ డెవలపరు పాడవుతుంది, ఫిక్సర్ అంటిన వేళ్లతో కొత్త పేపరు ముట్టుకుంటే మరకలు పడతాయి. అందుకే ట్రేల స్థానాలు ఎప్పుడూ మారవు. ప్రతి ఫొటో తర్వాత చెయ్యి బయటికి తీసి బకెట్‌లో కడిగి తుడుచుకోవాలి. పోపుల డబ్బాలో ఆవాలు ఎక్కడున్నాయో అమ్మ చేతికి తెలిసినట్టు, ఈ పెట్టెలో ఏది ఎంత దూరంలో ఉందో ఆ చేతికి తెలిసిపోయి ఉండాలి. పైగా కాబూల్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, చలి ఎక్కువ. చలికాలంలో డెవలపర్ చల్లబడితే బొమ్మ నెమ్మదిగా తేలుతుంది. గడియారం చూసి పేపరు తీస్తే మోసపోవడమే, కన్నంలోంచి చూసి తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు చేతికి వచ్చింది నెగెటివ్. తెల్ల గడ్డం నల్లగా, నల్ల తలపాగా తెల్లగా ఉంటుంది. కాగితం మీద నెగెటివ్ తీసే పద్ధతికి ఇంగ్లండ్‌లో టాల్బట్ 1841లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఆ నెగెటివ్‌ను మరో కాగితం మీద పెట్టి, కాగితంలోంచి ఎండ దూరేట్టు చేసి పాజిటివ్ తీసేవాడు. కాగితం పీచు బొమ్మలో కనపడుతుందని దానికి మైనం పట్టించేవారు. వీధి ఫొటోగ్రాఫర్ ఆ దారి తొక్కలేదు. కెమెరా ముందు పలక నుంచి ఒక చెక్క చెయ్యి బయటికి చాచి ఉంటుంది. దాని కొసనున్న చిన్న పలకకు నెగెటివ్‌ను తగిలించి, దాన్నే మళ్లీ ఫొటో తీస్తాడు. వెలుతురు కాగితంలోంచి పోదు, పైముఖం మీద పడి తిరిగొస్తుంది కాబట్టి పీచు గొడవ లేదు. నలుపు తెలుపై, తెలుపు నలుపై అసలు మనిషి బయటికొస్తాడు. ఇంకో తప్పు కూడా దీంతోనే సర్దుకుంటుంది. కెమెరాలో కాగితం మీద పడే బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి ఉంటుంది. రెండోసారి తీస్తే మారినవి మళ్లీ మారి యథాస్థానానికి వస్తాయి.

ఇక పెట్టె పొడవు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే. ఉదాహరణకు 150 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు దొరికిందనుకుందాం. మనిషి మీటరున్నర దూరంలో కూర్చుంటే స్పష్టమైన బొమ్మ లెన్సుకు సుమారు 167 మిల్లీమీటర్ల వెనక పడుతుంది. ముఖం మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, దరఖాస్తు మీద అంటించడానికి సరిగ్గా సరిపోతుంది. ఆ ఒక్క పనికైతే జానెడు పెట్టె చాలు. కానీ నెగెటివ్‌ను అదే సైజులో మళ్లీ తియ్యాలంటే, లెన్సుకు ముందు నెగెటివ్ 300 మిల్లీమీటర్ల దూరంలో, వెనక పేపరు కూడా 300 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. కడ్డీ పదమూడు సెంటీమీటర్లకు పైగా వెనక్కి రావాలి, ఆ వెనక చట్రానికి, తలుపుకు చోటు ఉండాలి, కింద ట్రేలు పట్టాలి. అంటే పెట్టె పొడవును నిర్ణయించేది ఎదురుగా కూర్చున్న మనిషి కాదు, ఆ తర్వాత తీయబోయే నెగెటివ్ ఫొటో. బయట చాచిన చెక్క చెయ్యి పొడవూ అదే లెక్కలోంచి వచ్చింది. ఇంకో పర్యవసానం కూడా ఉంది. పేపరు లెన్సుకు దూరం జరిగేకొద్దీ దాని మీద పడే వెలుతురు పలచనవుతుంది. అదే ఎండలో మనిషికి ఒక లెక్క పెడితే, నెగెటివ్‌కు సుమారు మూడు లెక్కలు పెట్టాలి. ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివిన ఫొటోగ్రాఫరైనా, అలవాటు మీద పట్టుకున్న ఫొటోగ్రాఫరైనా మూత తెరిచి ఉంచేది దాదాపు అంతసేపే.

షట్టర్ లేకపోవడాన్ని చాలామంది లోటుగా చెబుతారు. నిజానికి ఫొటో పేపరు చాలా మందకొడి సరుకు. మామూలు ఫిల్ము వేగం 100 అనుకుంటే పేపరుది పదిలోపే. ఫిల్ము అయితే ఎండలో సెకనులో వందోవంతుకు తెరిచి మూయాలి, అది ఏ చేతికీ సాధ్యం కాదు. పేపరుకు నీడపట్టున అర సెకనో, ఒక సెకనో కావాలి. అంతసేపు మూత తీసి పెట్టడం మనిషి చేతికి చక్కగా కుదిరే పని. చవక పేపరును ఎంచుకోవడంతో ఖరీదైన షట్టర్ అవసరమే తప్పిపోయింది.

ఆ పేపరుకు ఎరుపు కనపడదు. ఈ ఒక్క గుణం చుట్టూ పెట్టెలో ఎన్ని పనులు అల్లుకున్నాయో చూడండి. ఎర్ర గాజు కిటికీ పెట్టి లోపలి పని చూడగలగడం దాని పుణ్యమే. అదే గుణం ఒక చిక్కు కూడా తెస్తుంది. చామనఛాయ ముఖంలో ఎరుపు పాలు ఎక్కువ. పేపరుకు అది అందదు కాబట్టి ముఖం ఉన్నదానికన్నా నల్లగా, పెదాలు మరీ నల్లగా, ముడతలు లోతుగా వస్తాయి. దానికి విరుగుడు మళ్లీ ఎరుపే. నెగెటివ్ ఆరాక, సన్నటి కుంచెతో ముఖం మీద పలచగా ఎర్ర రంగు పూస్తారు. మన కంటికి ఎర్రగా కనిపించేది పేపరుకు నల్లగానే తోస్తుంది. నెగెటివ్‌లో నల్లబడిన చోటు పాజిటివ్‌లో తేటపడుతుంది. రంగు ఎక్కువైతే ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది, తక్కువైతే పూసినట్టే ఉండదు. బుగ్గ మీద ఒక పూత, కళ్ల కింద ఇంకొంచెం, గడ్డం అంచుకు రాకుండా. నాలుగు వేళ్ల వెడల్పైనా లేని కాగితం మీద, కస్టమరు ఎదురుచూస్తుండగా, రోడ్డు దుమ్ములో చేసే పని ఇది. దీన్ని చిత్రకళ అనడానికి నాకే సంకోచమూ లేదు. అడిగినవాళ్లకు ఆ నలుపు తెలుపు ఫొటోకే చేత్తో రంగులు కూడా వేసి ఇచ్చేవాళ్లు.

ఇలాంటి పెట్టెలు అఫ్గానిస్తాన్ సొత్తు మాత్రమే కావు. స్పెయిన్‌లో మినుతేరోలు, బ్రెజిల్‌లో లంబే-లంబే ఫొటోగ్రాఫర్లు పార్కుల్లో, కూడళ్లలో ఇదే పని చేశారు. జైపూర్‌లో హవా మహల్ ఎదుట ఒక కుటుంబం ఈ పద్ధతిలో ఫొటోలు తీస్తూ వచ్చింది. మిగతా చోట్ల తగ్గిపోయాక కూడా కాబూల్‌లో అది జీవనోపాధిగా నిలబడింది. 1996లో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్నాక మనుషుల ఫొటోలు తియ్యడాన్ని నిషేధించారు. పాస్‌పోర్టులకు మాత్రం ఫొటో అవసరం తప్పలేదు. 2001 తర్వాత మళ్లీ గిరాకీ వచ్చింది, ఆ వెనకే డిజిటల్ కెమెరాలూ వచ్చాయి. 2011లో లూకస్ బిర్క్, షాన్ ఫోలీ అనే ఇద్దరు ఈ ఫొటోగ్రాఫర్ల పనితనాన్ని నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. పెట్టె ఎలా కట్టాలో, ఎలా వాడాలో బొమ్మలతో వివరించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. పాత ఫొటోలను సేకరించేవాళ్లు ఎందరో ఉన్నారు, వాటిని తీసిన చేతి పనిని ఇంత శ్రద్ధగా రాసిపెట్టినవాళ్లు తక్కువ.

మన దగ్గర ఇది కట్టాలనుకునేవాళ్లకు సామాను కష్టం కాదు. ముందు లెన్సు సంపాదించి, దాని ఫోకల్ లెంగ్త్‌ను బట్టి పెట్టె కొలత వెయ్యాలి, ఆ వరస తిరగబడకూడదు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. గరుకు గాజును ఇంట్లోనే చేసుకోవచ్చు. మోటార్ సైకిల్ మెకానిక్కులు వాల్వులు నూరడానికి వాడే పేస్టు రెండు గాజుల మధ్య వేసి, నీళ్లు చిలకరిస్తూ గుండ్రంగా నూరితే వస్తుంది. లోపల మెరిసే నల్ల రంగు వెయ్యకూడదు, బ్లాక్‌బోర్డు రంగు వెయ్యాలి. తలుపు అంచు తిన్నగా ఆనుకుంటే సందులోంచి వెలుతురు దూరుతుంది. అంచుకు మెట్టులా గాడి తీసి, తలుపు అందులో కూర్చునేట్టు చెయ్యాలి. రెండు మలుపులు తిరగాల్సిన వెలుతురు నల్లటి గోడల్లోనే ఇంకిపోతుంది. కడ్డీ బయటికొచ్చే కన్నం చుట్టూ తోలు ముక్క బిగించాలి. అన్నీ అయ్యాక ఒక పేపరు లోపల పెట్టి, లెన్సు మూసి, పెట్టెను ఎండలో కొన్ని నిమిషాలు ఉంచి, ఆ పేపరును డెవలప్ చెయ్యాలి. తెల్లగా ఉంటే పెట్టె పాసయినట్టు. ఎక్కడైనా నల్ల గీత పడితే, దాని ఎదుటి మూలలో సందు ఉన్నట్టు.

నెగెటివ్ గొడవ లేకుండా ఒకేసారి పాజిటివ్ ఇచ్చే పేపర్లు ఇప్పుడు అమ్ముతున్నారు. కొత్తగా కట్టుకునేవాళ్లలో కొందరు వాటివైపు మొగ్గుతారు. పని సగానికి తగ్గుతుంది, నిజమే. కానీ ముఖం కుడి ఎడమలు మారే ఉండిపోతుంది, ఎర్ర రంగుతో తేట పరిచే వీలు పోతుంది, ఫొటో ఒక్కటే మిగులుతుంది. నేనైతే పాత దారినే ఎంచుకుంటాను. దరఖాస్తుకు మూడు ఫొటోలు కావాలంటే, పలక మీదున్న అదే నెగెటివ్‌కు ఎదురుగా లెన్సు మూత మరో రెండుసార్లు తీస్తే సరిపోతుంది.