ఇరవై ఒకటో గడి

2024 జులై 19, శుక్రవారం. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులను పెన్నుతో రాసి ఇచ్చారు. కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడు తన చేతిరాత పాసును ఫొటో తీసి పెడితే అది ప్రపంచమంతా తిరిగింది. ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి కూలిపోయాయి.

అది దాడి కాదు, లెక్క తప్పడం. కొత్త ఫైలు 21వ విలువను కూడా పోల్చి చూడమంది. కోడు దగ్గర ఉన్నవి 20 మాత్రమే. లేని విలువ కోసం డ్రైవర్ మెమరీలో హద్దు దాటి చదవబోయింది.

ప్రింటర్‌తోనో కెమెరాతోనో ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడేది డ్రైవర్ ద్వారానే. క్రౌడ్‌స్ట్రైక్ వంటి భద్రతా సాఫ్ట్‌వేర్ కూడా డ్రైవర్ రూపంలోనే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్‌లోకి చేరుతుంది. మామూలు యాప్ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో నడిచే డ్రైవర్ తప్పు చేస్తే యంత్రమే ఆగిపోతుంది.

మదనపల్లె టమోటా మార్కెట్‌లో ఒక రైతు క్రేట్లు 20 అయితే, ఆ పక్కనే ఇంకో రైతువి మొదలవుతాయి. లెక్క చూసుకోకుండా 21వది ఎత్తితే అది పక్కవాడి సరుకు. మెమరీ గడులూ ఇలాగే వరుసగా ఉంటాయి. హద్దు దాటి చదివితే శంషాబాద్‌లో జరిగినట్టు జరగొచ్చు. డేటా కోసం కేటాయించిన గడుల వరుసను బఫర్ అంటారు; దాని హద్దు దాటి రాస్తే అది బఫర్ ఓవర్‌ఫ్లో. ఇది ఇంకా ప్రమాదం. పక్క గడుల్లో ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన చిరునామా ఉంటే, దాడి చేసేవాడు దాన్ని మార్చి తన కోడును నడిపించగలడు. డ్రైవర్‌లో అలా జరిగితే యంత్రం మొత్తం అతని చేతికి చిక్కినట్టే.

హద్దు చూసుకోవాలన్న ఈ పాఠం పాతదే. 1988 నవంబర్ 2న బయల్దేరి, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తానే పాకిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం ఎంచుకున్న దారుల్లో ఇదొకటి: 512 బైట్లు పట్టే బఫర్‌లోకి 536 బైట్లు పంపింది. గెట్స్ అనే సి ఫంక్షన్ ఎంత వస్తే అంతా రాసేసింది. 2015లో బయటపడిన వెనమ్ లోపం ఫ్లాపీ డ్రైవ్‌ను అనుకరించే కోడులో 2004 నుంచీ ఉంది. అక్కడా 512 బైట్ల బఫరే. దాన్ని కనిపెట్టింది క్రౌడ్‌స్ట్రైక్ పరిశోధకుడే.

అందుకే మంచి డ్రైవర్ రాసేవాళ్లు బయటి నుంచి వచ్చిన పొడవును నమ్మరు, కొలిచి చూస్తారు. ఆ కొలతలోనూ మెలకువ కావాలి. బఫర్ 512 బైట్లు, రాయడం 16వ స్థానం నుంచి మొదలవ్వాలి అనుకుందాం. స్థానాన్నీ పొడవునూ కూడి, మొత్తం 512 దాటలేదుగా అని చూడటం సరిపోతుందనిపిస్తుంది. కానీ ఎవరైనా పొడవు 4,294,967,290 అని పంపితే 32 బిట్ల లెక్కలో కూడిక పొంగి 10 అవుతుంది. పరీక్ష నెగ్గుతుంది, బఫర్ పగులుతుంది. తీసివేత అయితే ఈ మోసం సాగదు: స్థానం 512 లోపే ఉందని ముందు చూసి, మిగిలిన 496తో పొడవును పోల్చాలి.

ఆ పైన కొన్ని రక్షణ వలలు ఉన్నాయి. 1998 నాటి స్టాక్‌గార్డ్, తిరుగు చిరునామా ముందు ఒక రహస్య విలువ ఉంచి, అది చెదిరితే ప్రోగ్రాంను ఆపేస్తుంది. లినక్స్ కెర్నల్ 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1తో రస్ట్ భాషకు తలుపు తెరిచింది. ఆ భాష మామూలుగా ప్రతి గడి హద్దునూ తానే చూసుకుంటుంది.

క్రౌడ్‌స్ట్రైక్ ఆ ఫైలును 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. అప్పటికే కూలిన యంత్రాల్లో చాలావాటిని మాత్రం సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక్కొక్కటిగా చేత్తో బాగుచేయాల్సి వచ్చింది. అంత కష్టం తర్వాత, జులై 25న ఆ కోడులో చేరినవాటిలో ముఖ్యమైనది హద్దు చూసే పరీక్షే.

వాల్మీకిపురం, పుంగనూరు పిల్లలు మదనపల్లె, కుప్పం కాలేజీల్లో సి నేర్చుకుని బెంగళూరు ఉద్యోగాలకు వెళ్తున్నారు. రేపటి డ్రైవర్లు రాసేది వాళ్లే కావచ్చు. 20 గడుల ప్రోగ్రాంకు 21వ విలువ ఇచ్చి చూడటం మొదటి ల్యాబ్ నుంచే వాళ్లకు అలవాటు చేయాలి. సి ప్రమాణం 2011లోనే గెట్స్‌ను తొలగించింది. ల్యాబ్ రికార్డులో అది ఇంకా కనిపిస్తే, మాస్టార్లు ఎర్ర ఇంకుతో కొట్టేయాలి.