పెద్దమనుషులు లేని ఒడంబడిక: శ్రీబాగ్, ఢిల్లీ పత్రాల భాష – ఒక పరిశీలన

ప్రస్తావన

ఆంధ్రోద్యమాన్ని తెలుగు పరిశోధకులు ఎక్కువగా ఆత్మకథల ద్వారా పరిశీలిస్తూ వచ్చారు. కొండా వెంకటప్పయ్య ‘స్వీయ చరిత్ర’, అయ్యదేవర కాళేశ్వరరావు ‘నా జీవిత కథ – నవ్యాంధ్రము’ వంటి రచనలు సాహిత్యంగా మనకు పరిచితాలు. అయితే తెలుగువారి రాష్ట్రాలకు షరతులు నిర్ణయించిన రెండు పత్రాలను చరిత్ర, రాజనీతి శాఖలకు వదిలివేశాం. వాటిలో మొదటిది 1937 నవంబరు 16న చెన్నపట్నంలో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. రెండవది 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం. మొదటిది కుదిరిన ‘శ్రీబాగ్’, ‘భారతి’ పత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం కావడం తెలుగు శాఖలకైనా గుర్తుండవలసిన విషయం.

ఉమ్మడి రాజ్యాంగ వ్యవస్థలోకి ప్రవేశించే ముందు ఒక ప్రాంతం తన వైఖరిని ఎలా రూపొందించుకుంటుంది? ఆ వైఖరి పత్రంలోని వాక్యంగా మారినప్పుడు ఏం మిగులుతుంది, ఏం జారిపోతుంది? ఈ రెండు ప్రశ్నలను పత్రాల భాష ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వైఖరికి మూలం

చర్చకు కూర్చునే పక్షం తన కోరికల జాబితాను ముందే సిద్ధం చేసుకుని వస్తుందని సాధారణంగా భావిస్తాం. శ్రీబాగ్ నేపథ్యం మరో విషయం చెబుతుంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదంలో అనంతపురం వాదన నెగ్గలేదు. కేంద్రం చివరికి వాల్తేరులో స్థిరపడింది. దత్తమండలాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే కొనసాగాయి. ఉమ్మడి సంస్థ ఏర్పడితే దాని కేంద్రం తమకు దూరమవుతుందన్న అనుభవం సీమ నాయకులకు రాష్ట్రం కంటే ముందే కలిగింది. 1937లో వారు కోరిన ప్రతి హామీ వెనుక ఈ అనుభవం ఉంది.

రెండవ మూలం పేరు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన ప్రాంతం కనుక అది ‘దత్తమండలాలు’ అయింది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఉన్న ఆ పేరులో అక్కడ నివసించేవాడు లేడు. 1928 నవంబరులో నంద్యాల సభల సందర్భంగా ‘రాయలసీమ’ అన్న పేరు స్థిరపడింది. దానిని ప్రతిపాదించినవారుగా చిలుకూరి నారాయణరావును చెబుతారు. ఆయన ‘ఆంధ్రభాషా చరిత్రము’ రచించిన పండితుడు కావడం యాదృచ్ఛికం అనిపించదు. ఇతరులు బదిలీ చేసుకున్న భూమి అన్న అర్థం పోయి, తనకంటూ గతం ఉన్న సీమ అన్న అర్థం వచ్చింది. బేరమాడాలంటే ముందు ఒక కర్త కావాలి. ఆ కర్తకు నంద్యాలలో పేరు దొరికింది. తొమ్మిదేళ్ల తరువాత శ్రీబాగ్‌లో సంతకం చేయగలిగిన పక్షం అలా ఏర్పడింది.

కనుక వైఖరి అంటే కోరికల జాబితా మాత్రమే కాదు. పూర్వం జరిగిన నష్టపు జ్ఞాపకం, తనను తాను పిలుచుకునే పేరు, ఇంటికి వెళ్లి ఎవరికి జవాబు చెప్పాలన్న ఎరుక – ఈ మూడూ కలిస్తే వైఖరి.

కర్త లేని వాక్యం

పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు ప్రభృతులు అంగీకరించిన శ్రీబాగ్ పత్రం చిన్నది. దాని సారాంశం ఇది. విశ్వవిద్యాలయానికి వాల్తేరులోనూ అనంతపురంలోనూ కేంద్రాలుండాలి. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు కోస్తా జిల్లాల స్థాయికి చేరేదాకా, పదేళ్లు లేదా అవసరమైనంత కాలం, నీటిపారుదల పథకాల్లో వాటికి ప్రాధాన్యం ఉండాలి. నీటి పంపకం ప్రశ్న వస్తే ముందు ఆ ప్రాంతాల అవసరాలు తీరాలి. శాసనసభ స్థానాల పంపకంలో జిల్లాల మధ్య సమానత పాటించాలి. ముఖ్య పట్టణం, ఉన్నత న్యాయస్థానం వేర్వేరు చోట్ల ఉండాలి. రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమది. ఈ షరతులను ఉభయుల సమ్మతితో మార్చుకోవచ్చు.

ఈ వాక్యాల్లో మూడు అంశాలు గమనార్హం. మొదటిది కాలపరిమితి. ‘పదేళ్లు’ అన్న నిశ్చితత్వం పక్కనే ‘అవసరమైనంత కాలం’ అన్న అనిశ్చితి ఉంది. అవసరం తీరిందని ఎవరు నిర్ణయిస్తారో పత్రం చెప్పదు. రెండవది ‘ఎంపిక’. పత్రంలో స్పష్టమైన కర్త ఉన్న షరతు ఇదొక్కటే: ఎంచుకునేది రాయలసీమ. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని కావడానికి, ఉన్నత న్యాయస్థానం గుంటూరుకు వెళ్లడానికి ఈ షరతే ఆధారం. నీటి ప్రాధాన్యం, అనంతపుర కేంద్రం వంటి కర్త లేని షరతులు వెనుకబడ్డాయి. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడేసరికి 1981 అయింది. షరతుల అమలుకు వ్యాకరణమే కారణమని అనడం అతిశయోక్తి అవుతుంది. అయితే ‘ఎవరు చేయాలి’ అన్న ప్రశ్నకు వాక్యంలోనే జవాబున్న చోట అడిగేవారికి పట్టు దొరికింది. జవాబు లేని చోట దొరకలేదు.

మూడవది ‘ఉభయుల సమ్మతి’. 1956 నవంబరు 1న రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. మూడేళ్లలో జరిగిన ఆ మార్పుకు శ్రీబాగ్ అర్థంలో సమ్మతి ఎవరిది? శాసనసభ్యులదా, సంతకం చేసినవారిదా, సీమ ప్రజలదా? ‘ఒడంబడు’ అన్న క్రియకు సమ్మతించడమనే అర్థం. ఒడంబడిక పేరులోనే సమ్మతి ఉంది; సమ్మతించే దేహం ఏదో అందులో లేదు.

యూరప్‌లో ఇదే ప్రశ్న

ఈ సమస్య మన నాయకుల అనుభవరాహిత్యం వల్ల వచ్చింది కాదనడానికి యూరపు రాజ్యాంగ చర్చలు నిదర్శనం. 2002–03లో వాలెరీ జిస్కార్ దెస్తేఁ అధ్యక్షతన జరిగిన సమావేశం ముసాయిదా సిద్ధం చేసింది. అంతకుముందు నీస్ ఒప్పందంలో జర్మనీకి 29 ఓట్లు, దాని జనాభాలో సుమారు సగం ఉన్న స్పెయిన్, పోలెండ్‌లకు 27 చొప్పున ఓట్లు దక్కాయి. కొత్త ముసాయిదా జనాభాను లెక్కలోకి తేవడంతో ఆ రెండు ప్రభుత్వాలూ ఎదురు తిరిగాయి. 2003 డిసెంబరు బ్రస్సెల్స్ సమావేశం ఒప్పందం లేకుండానే ముగిసింది. 2004 మార్చి ఎన్నికల్లో స్పెయిన్‌లో ప్రభుత్వం మారాక వైఖరి సడలింది. దేశం అదే, ప్రయోజనం అదే. జవాబు చెప్పుకోవలసిన ఇల్లు మారింది.

జనసంఖ్యా, సభ్యుల సమానతా అన్న ఈ తగాదా శ్రీబాగ్‌లో స్థానాల పంపకంపై వచ్చినదే. 2004 అక్టోబరు 29న రోములో 25 దేశాలు సంతకాలు చేసిన ఆ రాజ్యాంగాన్ని 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు తిరస్కరించారు. అక్కడ ‘సమ్మతించేది ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు కఠినంగానైనా దొరికింది. ప్రభుత్వం బేరమాడవచ్చు, సమ్మతి మాత్రం వేరొకరిది. మన రెండు పత్రాల్లోనూ బేరమాడినవారే సమ్మతి తెలిపినవారు.

‘పెద్దమనుషులు’ అన్న మాట

1956 పత్రం శ్రీబాగ్ కంటే వివరమైనది. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. ప్రాంతీయ మండలి, తెలంగాణ మిగులు ఆదాయం అక్కడే ఖర్చు కావడం, మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావడం వంటి షరతులు అందులో ఉన్నాయి. రాష్ట్రం పేరుపై ఏకాభిప్రాయం కుదరలేదు. తెలంగాణ పక్షం ‘ఆంధ్ర–తెలంగాణ’ కోరింది. చివరికి ‘ఆంధ్రప్రదేశ్’ నిలిచింది. పేరు కోసం జరిగే పోరాటం కర్తృత్వం కోసం జరిగే పోరాటమని నంద్యాల అనుభవం ముందే చెప్పింది.

ఈ పత్రానికి తెలుగులో స్థిరపడిన పేరు ఇంగ్లీషు మాటకు అనువాదం. మూలంలో ఆ మాటకు చట్టబద్ధత లేని, పరస్పర గౌరవమే హామీగా గల ఒప్పందమని అర్థం. తెలుగు పల్లెలో ‘పెద్దమనుషులు’ వేరు. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా, ఇరుపక్షాలకూ చెందని నలుగురు మధ్యన కూర్చుంటారు; కాగితం వారి ఎదుట రాస్తారు; మాట తప్పినవాడిని నిలదీసేది వారే. తెలుగు అర్థంలో పెద్దమనుషులు పక్షాలు కారు, మధ్యస్థులు. 1956లో ఆ పేరు పొందిన ఎనిమిదిమందీ పక్షాలే. అనువాదం ఒక మధ్యవర్తిత్వాన్ని స్ఫురింపజేసింది. పత్రంలో అది లేదు. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి షరతు నెరవేరనప్పుడు ఫిర్యాదు వినవలసిన మూడో మనిషి కనిపించలేదు. 1958లో ఏర్పడిన ప్రాంతీయ సంఘం కూడా ఆ లోటు తీర్చలేకపోయిందనడానికి 1969 ఉద్యమమే సాక్ష్యం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయేదాకా ‘ఒప్పంద ఉల్లంఘన’ అన్న మాట తెలంగాణ వాదంలో కేంద్రస్థానంలో నిలిచింది.

రాచర్ల నుంచి చూస్తే

ఈ వ్యాసకర్త స్వస్థలం రాచర్ల. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలు 1937లో కర్నూలు జిల్లాలోవి. కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోవి. శ్రీబాగ్ పత్రం నీటి ప్రాధాన్యాన్ని రాయలసీమకూ నెల్లూరుకూ ఇచ్చింది. అంటే నల్లమలకు తూర్పున ఉన్న ఈ మెట్టభూమి అంతా, రెండు వేర్వేరు జిల్లాల ద్వారా, ఆ హామీ పరిధిలోనే ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. తరువాత దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఈ తాలూకాలు అందులో చేరడంతో కోస్తా లెక్కలోకి వెళ్లాయి. వర్షపాతం మారలేదు, నేల మారలేదు, ఫ్లోరైడ్ నీరు మారలేదు. హామీని అడిగే అర్హతను ఇచ్చిన జిల్లా పేరు మారింది.

‘ఉభయుల సమ్మతితో మార్చుకోవచ్చు’ అన్న షరతును ఎవరూ ప్రయోగించలేదు. ప్రయోగించవలసిన అవసరమే రాలేదు. పత్రం జిల్లాను ప్రమాణంగా తీసుకుంది కనుక, జిల్లా గీత జరిగితే హామీ తనంత తానే తప్పుకుంది. శ్రీశైలం జలాలను ఈ ప్రాంతానికి మళ్లించే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ తరువాతి దశాబ్దాల నిరీక్షణలో ఇక్కడివారు శ్రీబాగ్‌ను ఉటంకించినప్పుడు ‘మీరు సీమ కాదు కదా’ అన్న జవాబు ఎదురవుతుంది. పశ్చిమ ప్రకాశానికి పేరు దొరకలేదు. దొరికిన ‘పశ్చిమ ప్రకాశం’ కూడా ఇంకొక కేంద్రం నుంచి చూసి చెప్పిన దిక్కే. ‘దత్తమండలాలు’ అన్న పాత పేరులోని లోపం ఇందులోనూ ఉంది.

ఉపసంహారం

పత్రాల గతిని నిర్ణయించేది రాజకీయ బలమే గాని భాష కాదని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో న్యాయముంది. అయితే బలం లేనివాడికి మిగిలేది కాగితమే. ఆ కాగితంలో కర్త ఎవరు, సమ్మతి ఎవరిది, ప్రమాణం ఏది, మధ్యస్థుడు ఎవరు అన్న ప్రశ్నలు భాషాప్రశ్నలే. శ్రీబాగ్ పత్రానికి కర్తలు తక్కువయ్యారు. ఢిల్లీ పత్రానికి పేరులో తప్ప పెద్దమనుషులు లేకపోయారు.

ప్రచారంలో ఉన్న శ్రీబాగ్ పాఠం ఇంగ్లీషుది. తెలుగు మాట్లాడేవారి రాష్ట్రం కోసం తెలుగువారు తమలో తాము చేసుకున్న ఒడంబడికను మనం అనువాదంలో చదువుతున్నాం. ఈ రెండు పత్రాల తెలుగు అనువాదాలను సేకరించి, పాఠభేదాలతో పరిష్కరించి ప్రకటించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ప్రాచీన కావ్యానికి చేసే పరిష్కరణ శ్రమలో కొంత వీటికి కేటాయిస్తే, రేపు మరో ఒప్పందానికి కూర్చునేవారు తాము రాసే వాక్యంలో కర్త ఉన్నాడో లేడో చూసుకోగలుగుతారు.