ఏ వార్డూ తనది కాని సిస్టర్

సోమవారం రాత్రి నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. "మేడమ్, నన్ను ఫ్లోట్‌లో వేశారు. నిన్న ఆర్థో, ఇవాళ పిల్లల వార్డు. రేపు ఎక్కడో డ్యూటీకి వెళ్తేగానీ తెలీదు" అంది. వార్డు చూపించే నాథుడు లేడట. వెళ్లీ వెళ్లగానే కేస్ షీట్లు చేతిలో పెట్టి, "ఈ మంచాలు మీవి సిస్టర్" అన్నారట. ఫోన్ పెట్టేశాక కూడా నా కోపం చల్లారలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: పేషెంటుకు తెలిసిన చెయ్యి కావాలి. నిన్న కట్టు కట్టిన సిస్టరే ఇవాళ విప్పితే, పుండు మానుతోందో ముదురుతోందో చూడగానే పోల్చుకుంటుంది. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ మంచం పక్కనే జరగాలని నేను పోట్లాడేదీ అందుకే. మరి రోజుకో వార్డు తిరిగే మనిషికి ఎవరి పుండని గుర్తుంటుంది?

పిల్లల వార్డు సంగతే చూడండి. అక్కడ ఏ మందైనా బరువును బట్టే. పెద్దలకు వాడే మామూలు సెలైన్ సెట్టులో 20 చుక్కలైతే ఒక ఎంఎల్. పిల్లల మైక్రోడ్రిప్ సెట్టులో 60 చుక్కలు. దాంతో లెక్క తేలిక: గంటకు ఎన్ని ఎంఎల్ ఎక్కాలో నిమిషానికి అన్ని చుక్కలు. పిల్లల సిస్టర్లకు ఇది నోటికి వచ్చు. అదే చుక్కల లెక్కను పెద్దల సెట్టు మీద పెడితే, పసివాడి ఒంట్లోకి మూడింతల సెలైన్ పోతుంది. ఎముకల వార్డులో ఎంత పనిమంతురాలికైనా ఆ తేడా ఎవరో ఒకరు దగ్గరుండి చూపించాలి.

అలాగని ఫ్లోటింగే వద్దనగలమా? నర్సులకూ జ్వరాలొస్తాయి, పురుళ్లొస్తాయి, ఇంట్లో చావులుంటాయి. అందుకే పడకల లెక్కన ఉండాల్సిన నర్సులకు తోడు మరో 30 శాతం మందిని సెలవుల రిజర్వుగా ఉంచాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు చెబుతాయి. ఆ రిజర్వు కాగితం దాటని చోట, ఒకరు రాకపోతే ఆ పేషెంట్లంతా ఉన్నవాళ్ల మీదే పడతారు. దాని ఖరీదు తెలిసిందే. లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సుకు ఒక్కో పేషెంటు అదనమయ్యేకొద్దీ, ఆపరేషనైనవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది.

ఎవరూ రాకపోవడం కంటే కొత్త సిస్టర్ రావడం మేలు. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. నాచేత వేయించింది ఒక రాత్రి డ్యూటీ.

జిల్లా ఆస్పత్రి పిల్లల వార్డులో అప్పుడు నేను జూనియర్‌ని. మా సీనియర్ సెలవు పెడితే మెడికల్ వార్డు నుంచి ఒకావిడను పంపారు. కేరళ నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ మనిషి. రాగానే కేస్ షీట్లు తీయలేదు. "ముందు ఎమర్జెన్సీ ట్రే చూపించు" అంది. లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందో లేదో చూసింది. ఆంబూ బ్యాగు నొక్కి చూసి, దానికున్న మాస్కు దగ్గర ఆగిపోయింది. అది పెద్దవాళ్లది.

"పిల్లల మాస్కు ఏదీ?"

"లోపల బీరువాలో ఉంది సిస్టర్."

"తాళం?"

"హెడ్ సిస్టర్ దగ్గర. ఇంటికెళ్లారు."

ఒక్క మాట అనలేదు. ఆయాను క్వార్టర్స్‌కు పంపి తాళం తెప్పించింది. మాస్కు ట్రేలోకి చేరాకే మంచాల దగ్గరికి బయల్దేరింది. ప్రతి బిడ్డ బరువూ అడిగి చీటీ మీద రాసుకుంది. చివరికి, "ఈ రాత్రి నీకు ఏ బిడ్డను చూస్తే భయంగా ఉంది?" అని అడిగింది. విరేచనాలతో చేరిన ఆర్నెల్ల పాపను చూపించాను. ఆ మంచం పక్కనే స్టూలు వేసుకుంది.

మాస్కు బీరువాలో ఉంటుందని మా వార్డులో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ దాన్ని లోపమనుకోలేదు. తెలియని మనిషి వచ్చి అడిగితేగానీ అది బయటపడలేదు.

తెలిసిన చెయ్యి కావాలని ఇప్పటికీ అంటాను. కానీ తెలిసిన చేతులు మాత్రమే నడపగలిగిన వార్డు ప్రమాదంలో ఉన్న వార్డు. అది పాతవాళ్ల జ్ఞాపకం మీద నడుస్తోంది. వాళ్లలో ఒకరు రాని రాత్రి దాని బలమెంతో తేలుతుంది. ఫ్లోట్ నర్సు అడుగుపెట్టిన రోజే వార్డుకు అసలైన తనిఖీ.

అంత పెద్ద పనిని కొత్తగా చేరిన పిల్లల మెడకు చుట్టకూడదు. అనుభవం ఉండి, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లకు అదనపు భత్యంతో ఇవ్వాలి. ఏయే వార్డులకు పంపుతారో ముందే చెప్పి, అక్కడ తర్ఫీదు ఇవ్వాలి. వార్డును పరిచయం చేసి, అక్కడి పని వచ్చని తేలాకే నర్సుకు డ్యూటీ వేయాలని కాలిఫోర్నియా 1999లోనే చట్టం చేసుకుంది. రాని పనిని "నాకు రాదు" అని భయం లేకుండా చెప్పే హక్కు మన సిస్టర్లకూ ఉండాలి.

సిస్టర్ ఇన్‌చార్జిలకు ఒక్క మాట. ఫ్లోట్ నర్సు డ్యూటీ దిగేటప్పుడు "మా వార్డులో మీకు ఏం దొరకలేదు?" అని అడగండి. ఆమె చెప్పింది రిపోర్టు బుక్కులో రాయండి. తర్వాతి షిఫ్టులోపే దాన్ని సరిచేయండి.