టాపు కింద దోనె

మజ్దా ఎంఎక్స్-5 మెత్తని టాపును చేత్తో ఎత్తుతారు, చేత్తోనే దించుతారు. ఈ రెండు సీట్ల చిన్న కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం కంటపడింది. 1997 దాకా తయారైన మొదటి తరం బళ్ల టాపుల్లో సాధారణంగా ఉండేవి ముందు అద్దం పైన రెండు గొళ్లేలు, మడిచే ఇనుప చట్రం, దాని మీద బిగించిన రెగ్జిన్, జిప్పుతో విప్పే ప్లాస్టిక్ వెనక కిటికీ. మడత టాపు పని నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

రెగ్జిన్‌కు శత్రువు ఎండ. దాన్ని మెత్తగా ఉంచే రసాయనాలు ఏళ్ల తరబడి ఎండలో ఇగిరిపోయి, పొర బిరుసెక్కి, మడత పడేచోట పగులుతుంది. కడగడానికి గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తని బ్రష్ చాలు. ప్రెషర్ పంపు ధారను కుట్లకు దగ్గరగా పట్టకూడదు. గుడ్డ టాపుల తీరు వేరు. పైన అక్రిలిక్ నేత, నడుమ రబ్బరు పొర, లోపల అస్తరు ఉంటాయి. నీటిని ఆపేది నడిమి పొర. పై నేత నీరు పీల్చకుండా పూసిన పూత అరిగితే బొట్లు జారక గుడ్డ తడిసి బరువెక్కుతుంది. అప్పుడు మళ్లీ పూయాలి. ఏ రకమైనా తడిమీద మడిచిపెడితే బూజు తప్పదు.

దించేటప్పుడు వరుస ముఖ్యం. ముందు జిప్పు విప్పి కిటికీని సీట్ల వెనక సాపుగా పరచాలి, ఆ తర్వాతే గొళ్లేలు తీయాలి. కిటికీని అలాగే ఉంచి టాపు మడిస్తే ప్లాస్టిక్ మీద పడ్డ మడత గీతగా మిగిలిపోతుంది. చలికి పెళుసెక్కి ఉంటే గీతతో ఆగక చీలుతుంది. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిచినా గీతలే. రెండో తరం నుంచి గాజు కిటికీ వచ్చి ఈ బాధ తప్పింది.

గుడ్డకు చిల్లు పడితే, అది ఎందుకు పడిందో ముందు చూడాలి. పక్క కిటికీల పైన, గుడ్డ అంచు మడతలో సన్నని ఉక్కు తీగ పోతుంది. గుడ్డను చట్రానికి అంటిపెట్టి ఉంచేది అదే. తీగ తెగితే పరుగులో గుడ్డ లేచి కొట్టుకుంటుంది, మడిచేటప్పుడు చట్రం కీళ్ల మధ్య నలిగి చిల్లు పడుతుంది. తీగ మార్చకుండా అతుకు వేస్తే, ఆ అతుకు పక్కనే ఇంకో చిల్లు సిద్ధం. ఊడిన కుట్టును పాత రంధ్రాల్లోంచే, ఎండకు ఓర్చే దారంతో మళ్లీ వేయాలి. కొత్త రంధ్రం ప్రతిదీ నీటికి కొత్త దారి.

కారులో తివాచీ తడిసిందంటే చాలు, టాపు మార్చేయమనే సలహా ఈ వారం కూడా వినపడింది. విన్న ప్రతిసారీ బాధ కలిగించే సలహా ఇది. ఎందుకంటే చాలాసార్లు నీరు వచ్చేది గుడ్డలోంచి కాదు. టాపు వెనక అంచు బాడీని కలిసేచోట, గుడ్డ కింద రెయిన్ రైలు అనే ప్లాస్టిక్ పట్టీ దాగి ఉంటుంది. మండువా ఇంటి కప్పుకు దోనె ఎలాగో టాపుకు ఇది అలాగ. వెనక జారే వాననీరు ఆ సందులోకి దిగుతుంది. అలా దిగాలనే ఆ కూర్పు. రైలు దాన్ని రెండు పక్కలకూ మళ్లిస్తుంది. అక్కడ సీటుబెల్టు స్తంభాల వెనక ఉన్న గొట్టాల్లోంచి నీరు కారు కిందికి పోతుంది.

ఆకులు, మట్టి పేరుకుని గొట్టం మూసుకుపోతే ఆ నీరంతా సీట్ల వెనకకు, తలుపు గడప కింది బోలు ఇనుములోకి చేరుతుంది. పైన టాపు నిగనిగలాడుతూండగానే కింద తుప్పు తినేస్తుంది. రెయిన్ రైలులో అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోసి, వెనక చక్రానికి కాస్త ముందు నేల మీద చూడాలి. నీరు రాకపోతే గొట్టం మూసుకుపోయినట్టే. ఇనుప ఊచతో పొడిస్తే గొట్టమే చిరుగుతుంది. గడ్డి కోసే యంత్రానికి వాడే లావాటి నైలాన్ తీగ వంపుల్లో వంగి పోతుంది. ఏడాదికి రెండుసార్లు ఈ పని చేయడం ఏ మెరుపు ద్రావకం కన్నా మేలు.

పాతదాన్ని పారేయకుండా అతికి వాడుకోవాలన్నది ఈ శీర్షిక చదివేవారికి అలవాటైన వాదం. కుట్టు, తీగ, గొట్టం విషయాల్లో అది నిలుస్తుంది. పగిలిన రెయిన్ రైలు దగ్గర మాత్రం నిలవదు. టాపు మడిచిన ప్రతిసారీ వంగే భాగం అది, జిగురు ఎక్కువ కాలం పట్టదు. మార్చాలంటే వెనక అంచును బిగించిన 10 మి.మీ. నట్లన్నీ విప్పి, ఇనుప పట్టీలు తీసి, గుడ్డ అంచు మొత్తం ఎత్తాలి. బిరుసెక్కిన పాత రెగ్జిన్ ఆ లాగుడుకు చాలాసార్లు ఓర్వదు. కాబట్టి తప్పు గుడ్డది కాకపోయినా రైలుతోపాటు గుడ్డనూ మార్చడమే తెలివైన పని. తయారీదారు కూడా కొత్త టాపు అవసరాన్ని గుర్తించినట్టే ఉంది. 2017లో మజ్దా జపాన్‌లో ప్రకటించిన మొదటి తరం బళ్ల పునరుద్ధరణ పథకంలో టాపును తిరిగి తయారుచేయడం కూడా చేరింది.

కొత్త టాపు బిగించడానికి ఎండ కాసే రోజు మంచిది. ముందుగా ఎండలో పరిస్తే రెగ్జిన్ మెత్తబడి సాగుతుంది. వెనక నట్లను ఒకేచోట పూర్తిగా బిగించకుండా, నడుమ నుంచి రెండు పక్కలకూ కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. మొదట గొళ్లేలు కష్టంగా పడితే కంగారు అక్కర్లేదు, గుడ్డ సర్దుకుంటుంది. కొన్ని రోజులు టాపు వేసే ఉంచి, ఆ తర్వాత తొలి మడత వేయాలి.