వైద్యజీ వాకిలి

శ్రీలాల్ శుక్లా ‘రాగ్ దర్బారీ’ని హాస్య నవల అనటం చాలామందికి అలవాటైపోయింది. 1968లో అచ్చయి, 1969 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న హిందీ నవల ఇది. 1992లో జిలియన్ రైట్ ఇంగ్లీషులోకి తెచ్చాక హిందీ రానివాళ్ళు కూడా చదివి నవ్వుకున్నారు. నవ్వు వస్తుంది, కాదనను. కానీ ఆ నవ్వు ఎవరి పక్షాన పనిచేస్తోంది అన్న ప్రశ్న వేయవలసినంత గట్టిగా వేయటం లేదని నా ఫిర్యాదు. ఒక ఊళ్ళో ఒకే వర్గం పాతుకుపోతే అక్కడి చదువు, సహకారం, ఎన్నిక, ఎదిరింపు, చివరికి జనం విసుగు కూడా ఆ వర్గానికే ఎలా ఉపయోగపడతాయో చెప్పిన నవలగా దీన్ని చదవాలి. అలా చదివితే దీని గొప్పా తెలుస్తుంది, లోపమూ తెలుస్తుంది.

కథ చెప్పుకోటానికి పెద్దగా లేదు. రంగనాథ్ చరిత్రలో ఎమ్మే చేసి పరిశోధనలో ఉన్న కుర్రవాడు. ఒళ్ళు బాగుచేసుకోటానికి మేనమామ వైద్యజీ ఉండే శివపాల్‌గంజ్ వచ్చి కొన్ని నెలలు ఉంటాడు. అది పల్లెకి ఎక్కువ, పట్నానికి తక్కువ అయిన ఊరు. అక్కడ ఛంగామల్ విద్యాలయ ఇంటర్మీడియట్ కాలేజీ ఉంది. దాని మేనేజరు వైద్యజీ. సహకార సంఘం ఉంది. దాని మేనేజింగ్ డైరెక్టరు కూడా ఆయనే. పంచాయతీ ఒక్కటే చేతిలో లేదు. నవల ముగిసేలోగా అదీ వస్తుంది. పెద్దకొడుకు బద్రీ పహిల్వాన్ ఆయన కండబలం. చిన్నకొడుకు రుప్పన్ బాబు పదో తరగతి దాటకుండానే విద్యార్థి నాయకుడు. కాలేజీ ప్రిన్సిపాలు పాఠం చెప్పే చోట కన్నా వైద్యజీ వాకిట్లో ఎక్కువ కనిపిస్తాడు.

శుక్లా పట్టుకున్న కీలకం ఇక్కడే ఉంది. వైద్యజీ ఎవరినీ వేధించే జమీందారు కాడు. మృదువుగా మాట్లాడతాడు, ధర్మం, బ్రహ్మచర్యం గురించి ఉపన్యసిస్తాడు, బలహీనతకి మందులు ఇస్తాడు. ఆయన బలమంతా మూడు సంస్థల్ని ఒకే ముడిగా వేయటంలో ఉంది. కాలేజీలో ఉద్యోగం కావాలన్నా, సంఘంలో అప్పు కావాలన్నా, పోలీసు ఠాణాలో మాట సాయం కావాలన్నా వెళ్ళవలసిన వాకిలి ఒకటే. ఒక పని కోసం ఎదిరిస్తే మిగిలిన రెండు పనులూ పాడవుతాయి. కనుక ఎదిరించరు. భయపెట్టవలసిన అవసరం రోజూ రాదు.

నవలలో మూడు ఎన్నికలు జరుగుతాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సహకార సంఘం గిడ్డంగిలో ధాన్యం కాజేసి సూపర్‌వైజరు పారిపోతాడు. నష్టం ప్రభుత్వమే భర్తీ చెయ్యాలని తీర్మానం చేస్తారు. తర్వాత గొడవ ముదిరితే వైద్యజీ హుందాగా రాజీనామా ఇస్తాడు. ఆ కుర్చీలో ఏకగ్రీవంగా కూర్చునేది బద్రీ పహిల్వాన్. పంచాయతీకి ఆయన నిలబెట్టింది సనీచర్‌ని. వాకిట్లో భంగు నూరే పనివాడు, ఒంటిమీద సరైన బట్ట లేనివాడు. ఎన్నిక గెలిచే పద్ధతులు మూడున్నాయని, ఒక్కోదానికి ఒక్కో ఊరి పేరుందని రచయిత శాస్త్రం చెప్పినట్టు చెబుతాడు. సనీచర్‌ని గెలిపించిన పద్ధతిలో పనిచేసేది గడియారం. అధికారి గడియారం ముందుకు నడిస్తే అవతలివాళ్ళ ఓటర్లు వచ్చేసరికి వేళ దాటిపోతుంది. ఇక కాలేజీ. అక్కడ సర్వసభ్య సమావేశం ఏళ్ళుగా జరగలేదు. జరిపి తీరాలని ఒత్తిడి వచ్చినప్పుడు జరుపుతారు. గిట్టని సభ్యులు లోపలికి రాకుండా దారుల్లో ఆయుధాలతో మనుషులుంటారు. వైద్యజీ మళ్ళీ ఏకగ్రీవం.

ఎన్నికలే లేని నిరంకుశత్వం మీద రాయటం తేలిక. శుక్లా రాసింది అంతకన్నా కష్టమైన సంగతి. నోటీసు ఉంది, సభ ఉంది, తీర్మానం ఉంది, మినిట్సు పుస్తకం ఉంది. అన్నీ ఉండి ఏమీ లేకపోవటం ఉంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారిగా పనిచేసి 1983లో రిటైరైన మనిషి కాబట్టి కాగితం నడిచే దారి ఆయనకి లోపలినుంచి తెలుసు. ఆ తెలివిడి ప్రతి పేజీలో కనిపిస్తుంది.

మరో విశేషం కాలానికి సంబంధించినది. 1964లో రజనీ కొఠారీ ‘కాంగ్రెస్ వ్యవస్థ’ గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. ఏలే పార్టీ ఒకటే అయినప్పుడు అసలు పోటీ దాని లోపలి ముఠాల మధ్య సాగుతుందని, బయటి ప్రతిపక్షాలు ఆ ముఠాల మీద ఒత్తిడి తేవటం వరకే చేయగలవని అందులో సారాంశం. 1967లో ఉత్తరప్రదేశ్‌లో ఆ పార్టీ గద్దె దిగి, చరణ్ సింగ్ ముఖ్యమంత్రిగా సంయుక్త విధాయక్ దళ్ ప్రభుత్వం వచ్చింది. ఆ మరుసటి ఏడు అచ్చయిన ఈ నవలలో లక్నోలో ప్రభుత్వం మారితే శివపాల్‌గంజ్ మారుతుందన్న ఆశ ఒక్కచోట కూడా లేదు. వైద్యజీ ఇంగ్లీషువాళ్ళ కాలంలో వాళ్ళకి భక్తుడు, స్వాతంత్ర్యం వచ్చాక స్వదేశీ ప్రభువులకి భక్తుడు. పైన ఏ రంగు జెండా ఉన్నా కింద వాకిలి మారదు. ఒకే పార్టీ పెత్తనం అనగానే మనం రాజధాని వైపు చూస్తాం. శుక్లా మన చూపుని కమిటీ గది వైపు తిప్పాడు. ఈ నవల శాశ్వతంగా నిలవటానికి ఇదొక్కటీ చాలు.

ఎదిరించేవాళ్ళ సంగతి చూద్దాం. ఖన్నా మాస్టరు, మాలవీయ మాస్టరు ప్రిన్సిపాలు మీద తిరగబడతారు. ఖన్నాకి కావలసింది వైస్ ప్రిన్సిపాలు పదవి. అది దొరికి ఉంటే తిరుగుబాటు ఉండేదా అన్నది అనుమానమే. ఊళ్ళో రెండో ముఠా నాయకుడు రామాధీన్ భీఖమ్‌ఖేడవీ. నల్లమందు, జూదాల నుంచి నాయకత్వంలోకి వచ్చినవాడు. వైద్యజీ పోయి ఆయన వస్తే వాకిలి చిరునామా మారుతుంది, అంతే. చివరికి గట్టిగా ఎదురు తిరిగినవాడు సొంత కొడుకు రుప్పన్. పోటీ ఇంటి లోపలి నుంచే పుట్టింది చూశారా! కొఠారీ దేశానికి చెప్పినది శుక్లా ఒక గడపకి చెప్పాడు. విచారణకి వస్తాడనుకున్న విద్యాశాఖ అధికారి రాడు. ఖన్నా, మాలవీయ రాజీనామా కాగితాల మీద సంతకాలు పెట్టవలసి వస్తుంది.

ఇంతవరకూ నవలతో నాకు పేచీ లేదు. పేచీ లంగడ్ దగ్గర మొదలవుతుంది.

లంగడ్ అంటే కుంటివాడు. తహసీలు కచేరీలో ఒక కాగితం నకలు కావాలి అతనికి. గుమాస్తాతో లంచం బేరం కుదరక, లంచం లేకుండానే తీసుకుంటానని ఇతను, కాయిదా ప్రకారమే ఇస్తానని గుమాస్తా పంతాలు పట్టారు. దరఖాస్తు మీద దరఖాస్తు, తప్పు మీద తప్పు. ఆఖరికి నకలు తయారైన రోజుల్లో ఇతను జ్వరంతో ఊళ్ళో పడి ఉన్నాడు. గడువు దాటిందని ఆ నకలు చింపేశారు. మొత్తం నవలలో పదవి అడగనివాడు, వాకిలికి రావలసిన పని లేనివాడు, తన హక్కుగా వచ్చేదాన్ని హక్కుగా అడిగినవాడు ఇతనొక్కడే. వైద్యజీ లోకానికి అసలైన ప్రతిపక్షం ఇతనే. కానీ రచయిత ఇతన్ని ఒక విషాద హాస్యంగానే నడిపాడు. వస్తాడు, దణ్ణం పెడతాడు, తన కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాడు, వెళ్తాడు. వాకిట్లో వాళ్ళు నవ్వుతారు. రంగనాథ్ మనసు కష్టపెట్టుకుంటాడు. మనమూ అంతే చేస్తాం. అతని ఇల్లు ఎలా గడుస్తుందో, ఆ నకలు అందకపోతే అతనికి ఏం పోతుందో మనసుకి పట్టేలా మనకి తెలియదు.

ఇక్కడ కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ గుర్తుకి రాక మానదు. అదీ ఆ కాలానిదే, 1964. సుందరపాలెంలో శ్రీరాములునాయుడు కూడా మంచి పేరున్న పెద్దమనిషి. ఊరికి అభివృద్ధి తెచ్చినవాడు, తగవు కోర్టుకి పోనివ్వనివాడు. అక్కడా అన్నీ ఒకే చోట తేలతాయి. అయితే అప్పుపడ్డ అప్పల్రాముడు పంచాయితీ ముందు నిలబడి తన బతుకంతా ఏకరువు పెడతాడు. ఊరు వినవలసి వస్తుంది. చదివేవాళ్ళం వినవలసి వస్తుంది. ఆ తర్వాత సీతారాముడు చేసిన ఘోరం మనల్ని నవ్వనివ్వదు, నిట్టూర్చి ఊరుకోనివ్వదు. మండపం మీద కూర్చున్న పెద్దల మాటతోపాటు మండపం కింద నిలబడ్డవాడి మాటకీ కారా మాస్టారు చోటిచ్చారు. శుక్లా మాత్రం అరుగు దిగలేదు. చమరాహీ పేట దూరం నుంచి కనిపిస్తుంది. గయాదీన్ కూతురు బేలా గురించి ఊరంతా మాట్లాడుతుంది, ఆ పిల్ల మాట దాదాపు వినపడదు. అరుగు మీంచి చూస్తే ఊళ్ళో అందరూ ఒకేలా కనిపిస్తారు. దొంగలు, లేకపోతే వెర్రిబాగులవాళ్ళు. అందరూ ఒకటే అనే తీర్పు వైద్యజీకి ఎంత అనుకూలమో ఆలోచించండి. ఆయన పెత్తనానికి పునాది ఆ మాటే కదా!

వ్యంగ్య రచయిత పరిష్కారం చూపాలా అని అడగవచ్చు. చూపనక్కరలేదు. నేనడిగేది పరిష్కారం కాదు, వినికిడి. రంగనాథ్ నిరాశ నిజమైనదే. ఖన్నా ఖాళీ చేసిన ఉద్యోగం తనకే ఇస్తామన్నప్పుడు అతనికి వచ్చిన కోపమూ నిజమైనదే. ఆ తర్వాత చదువుకున్నవాడు పరిశోధనల్లోకి, సెమినార్లలోకి, గతవైభవంలోకి ఎలా పారిపోతాడో రచయిత ‘పలాయన సంగీతం’గా వినిపిస్తాడు. ఆ భాగం దెబ్బ కొడుతుంది. అయితే పారిపోవటానికి రంగనాథ్‌కి పట్నం ఉంది. లంగడ్‌కి లేదు. నవల రంగనాథ్ విసుగుని ఊరి విసుగుగా లెక్క కట్టింది. నా దృష్టిలో దీని లోపం అదే.

ఈ మాట మన పత్రికలో రాయటానికి కారణం ఉంది. నేనుండేది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలోది. కాలేజీల ఊరు. 1962లో మెడికల్ కాలేజీ, 1967లో విశ్వవిద్యాలయం వచ్చాయి. 2000 మార్చి నుంచి 2024 జూన్ వరకూ మా రాష్ట్రానికి ఒక్కరే ముఖ్యమంత్రి. ఆ మార్పు ఎప్పుడని ఎదురుచూసినవాళ్ళూ, రాకూడదని కోరుకున్నవాళ్ళూ మావాళ్ళలో ఉన్నారు. అది వారి వారి రాజకీయం. నన్ను వేధించేది అంతకన్నా చిన్న సంగతి. సొంత రాష్ట్రం బయట తెలుగువాళ్ళకి ఊరూరా ఒక సంఘం ఉంటుంది. కొన్నిచోట్ల దాని కింద ఒక బడి, ఒక గ్రంథాలయం, ఒక కల్యాణమండపం. నేనెరిగిన ఒక సంఘంలో సర్వసభ్య సమావేశం నోటీసు సమావేశం అయిన మర్నాడు చేతికి అందింది. పాత కార్యవర్గం ఏకగ్రీవం. బడిలో తెలుగు చెప్పే పోస్టు ఖాళీగా ఉండి ఎన్నాళ్ళయిందని అడిగినవాళ్ళకి సంఘం ఐకమత్యం చెడగొట్టవద్దని జవాబు. మనం కొద్దిమందిమి, మనలో మనకి గొడవలెందుకు అన్న మాట అల్పసంఖ్యాకుల మధ్య ఎంత బలంగా పనిచేస్తుందో శివపాల్‌గంజ్ వాళ్ళకి కూడా తెలిసి ఉండదు. కుర్రవాళ్ళు రావటం మానేస్తారు. పెద్దవాళ్ళు అవధానాల గురించి, రాయలవారి గురించి మాట్లాడుకుంటారు. పలాయన సంగీతం తెలుగులో కూడా బాగానే పలుకుతుంది.

అందుకే నవలని లంగడ్ వైపునుంచి మళ్ళీ చదవమంటాను. అతను అడిగింది నకలు. ఈనాడు కచేరీ కాగితం నకలు అడిగేవాడికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. సంఘాల సంగతికొస్తే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టమే, ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి దాఖలు చెయ్యాలంది. దాఖలైన కాగితాల్ని ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చని, నకలు పుచ్చుకోవచ్చని కూడా అంది. ఒడిశా, మహారాష్ట్రల్లో ఆ చట్టమే నడుస్తోంది. కర్ణాటకకి 1960లో, తమిళనాడుకి 1975లో సొంత చట్టాలు వచ్చాయి. చట్టం ఉన్నంతలో వైద్యజీ వాకిలి మూతపడదని శుక్లా మనకి నేర్పాడు. మినిట్సు పుస్తకం ఎంత ముచ్చటగా అబద్ధం చెప్పగలదో కూడా నేర్పాడు. కానీ వాకిలికి వెళ్ళకుండా అడగగలిగినది ఒకటుందని, దాన్ని అడిగినవాడు తన నవలలోనే ఉన్నాడని ఆయన గమనించలేదు. ఆ కుంటివాడు ఒంటరిగా వెళ్ళాడు కనుక జ్వరం వచ్చిన రోజున అతని బదులు వెళ్ళేవాడు లేకపోయాడు. నకలు తయారైందని చెప్పటానికి ఊళ్ళో ఒక్క మనిషి లేకపోయాడు. ‘రాగ్ దర్బారీ’లో అన్నిటికన్నా పెద్ద విషాదం ఏకగ్రీవాలు కావు, ఇది.