జల్లెడ పరీక్ష - మన కరపత్రాలు

మన భాషలో ఆరోగ్య విజ్ఞానాన్ని గురించిన వ్రాతలు ఈ మధ్య బాగా పెరిగినవి. ఆసుపత్రి గోడమీది పటం, ఆశా కార్యకర్త చేతిలోని కరపత్రం, పత్రికల ఆదివారపు పేజీ - ఎక్కడ చూచినా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా కనిపెట్టే పరీక్షను గురించి ఏదో ఒకటి కనబడుతున్నది. ఇది సంతోషించవలసిన సంగతే. అయితే వీటిని వరుసగా పెట్టుకొని చదివినవారికి ఒక భావం మాటిమాటికీ ఎదురవుతుంది: మన స్త్రీలు సిగ్గుచేతను, అజ్ఞానంచేతను పరీక్షకు రావడం లేదనేది. ఈ వ్యాసంలో నేను సమీక్షింపబూనినది పరీక్షను కాదు, దానిని పరిచయం చేసే ఈ వ్రాతలను. అందులోనూ ముఖ్యంగా ఈ ఒక్క భావాన్ని.

ముందుగా విషయం కొంత చెప్పుకోవాలి. గర్భాశయానికి అడుగున, యోనిమార్గంలోకి తెరుచుకొనే సన్నని భాగాన్ని శాస్త్రగ్రంథాలలో గర్భాశయ గ్రీవం అంటారు. ఇక్కడ పుట్టే క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అనగా హెచ్.పి.వి. ఈ సంబంధాన్ని నిరూపించినందుకే జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చినది. ఈ వైరస్‌లో అనేక రకాలున్నవి. 16, 18 సంఖ్యలుగల రెండు రకాలే నూటికి సుమారు 70 కేసులకు కారణం. దాంపత్య జీవితం ఉన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిన కొద్దిమందిలో గ్రీవపు పైపొర కణాలు మెల్లమెల్లగా మారుతవి. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి తరుచు పది, పదిహేను ఏళ్లు పడుతుంది. ఈ సుదీర్ఘమైన వ్యవధియే మనకు దక్కిన అవకాశం.

దీనినిబట్టి చూస్తే, కరపత్రాలు దీనిని 'క్యాన్సర్ పరీక్ష' అనడంలోనే మొదటి పొరపాటున్నది. ఈ పరీక్ష ముఖ్యంగా వెదికేది క్యాన్సర్‌ను కాదు. క్యాన్సర్ కాకముందటి మార్పును. ఆ దశలో దొరికితే ఆ కొద్దిపాటి పొరను చలువచేతనో వేడిచేతనో మాడ్చివేస్తారు, లేదా ఒక తీగ వలయంతో తొలగిస్తారు. అది కొన్ని నిమిషాల పని. గర్భసంచి ఉన్నచోటనే ఉంటుంది. ఈ చివరి వాక్యం నేను చూచిన కరపత్రాలలో ఒక్కదానిలోనూ లేదు. అది లేకపోవడం ఎంత నష్టమో ముందు చెప్తాను.

రెండవది 'స్క్రీనింగ్' అనే మాట. దీనికి తెలుగులో మంచి పోలిక మన ఇంట్లోనే ఉన్నది - జల్లెడ. జల్లెడలో మిగిలినదంతా రాయి కాదు. కిందికి దిగినదంతా శుద్ధమైన పిండీ కాదు. లెక్క కోసం వెయ్యిమంది స్త్రీలను పరీక్షించినారనుకొందాము. వారిలో 20 మందికి నిజంగా ఆ మార్పున్నది. పరీక్ష 14 మందిని పట్టి, ఆరుగురిని వదలినది. మిగిలిన 980 మందిలో ఏమీలేని 90 మందిని కూడా అనుమానితులుగా చూపినది. అంటే మళ్లీ రమ్మని కబురు వెళ్లేది 104 మందికి. వారిలో నిజంగా చికిత్స కావలసినది 14 మందికే. ఇవి ఏ ఊరి లెక్కలూ కావు, ఊహకు వేసినవే. కాని ఇటువంటి పరీక్షలన్నిటి స్వభావమూ ఇదే. ఈ మాట ముందుగా చెప్పకపోతే ఆ 90 మంది 'నాకు క్యాన్సర్ ఉన్నదట' అని ఇంటికి వెళ్తారు. తరువాత ఏమీ లేదని తేలితే, పరీక్షే అబద్ధమని పదిమందికి చెప్తారు. వారిది అజ్ఞానమా? వారికి తెలియజెప్పనివారి మాటేమిటి?

ఇక ఆ 'సిగ్గు, అజ్ఞానం' సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ఇద్దరైనా లేరు. తెలంగాణలో మూడు పైచిలుకు. తమిళనాడులో దాదాపు పది. తమిళ స్త్రీకి మన స్త్రీలో మూడోవంతు సిగ్గు మాత్రమే ఉన్నదని ఎవరైనా అనగలరా? అక్కడి ప్రభుత్వాసుపత్రులలో ఈ పరీక్షను పదేళ్లకు పూర్వమే నిత్యకార్యక్రమంలో చేర్చినారు. ఉన్నచోటికి జనం వచ్చినారు. ఇంగ్లండులో 1988 నుండి ప్రతి స్త్రీకీ ఇంటికి ఉత్తరం వ్రాసి పిలుస్తున్నారు. అయినా అక్కడ పదిమందిలో ముగ్గురు గడువులోపల వెళ్లడం లేదు. అక్షరాస్యత ఒక్కటే తేల్చే విషయం కాదన్నమాట.

నేను నేలకొండపల్లి ప్రాంతంలో ఉంటూ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. తోటి స్త్రీని గనుక కొందరు నాతో ఈ సంగతి మాట్లాడినారు. వారి మాటలలో రెండు ఒకటిగా లేవు. మిరపకాయ ఏరడానికి వెళ్లే ఆమెకు పరీక్షంటే భయమే లేదు. ఏరుడు రోజుల్లో ఒక పూట పోతే కూలి పోతుంది, మేస్త్రీ మరునాడు పిలవడు - అంతే. ఒక ఉపాధ్యాయినికి హెచ్.పి.వి. గురించి నాకన్న ఎక్కువ తెలుసు. ఆమె అభ్యంతరమల్లా తలుపు గడియ పడని గది గురించి. ఒక పెద్దామె తన తొలి కాన్పునాడు బల్లమీద పడిన తిట్లను నలభై ఏళ్లయినా మరవలేదు. మళ్లీ ఆ బల్ల ఎక్కనన్నది. ఇంకొకామె వెళ్లి వచ్చి, "ఇంతేనా మేడం, రెండు నిమిషాలు పట్టలే" అని నవ్వినది. ఆమెకు చల్లని లోహపు పరికరం తగిలినప్పుడు కొంచెం ఇబ్బంది, మందు పూసినప్పుడు కొంచెం మంట, అంతే. కాని అదే పరికరం, ముట్లుడిగి ఒళ్లు ఎండినవారికి నిజంగా నొప్పి కలిగిస్తుంది. 'నొప్పి ఉండదు' అని అచ్చువేసిన కరపత్రం మొదటి ఆమె విషయంలో నిజం, రెండవవారి విషయంలో అబద్ధం. ఒకసారి అబద్ధమని తేలిన కాగితాన్ని మళ్లీ ఎవరు నమ్ముతారు?

వీరందరిలోకి నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఒక నడివయస్సు స్త్రీ వేసిన ప్రశ్న: "చూసి ఊరుకుంటరా మేడం, సంచి తీసేస్తరా?"

ఇది అజ్ఞానంనుండి పుట్టిన ప్రశ్న కాదు, అనుభవంనుండి పుట్టినది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశంలో నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మరే పెద్ద రాష్ట్రంలోనూ ఇంత లేదు. తెల్లబట్ట అవుతున్నదని, నడుంనొప్పి అని వెళ్లినవారికి 'పుండయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అని చెప్పి కోత పెట్టిన కథలు ఈ ప్రాంతపు ప్రతి వాడలోనూ వినబడుతవి. ఇటువంటిచోట 'గర్భాశయ క్యాన్సర్ ప్రమాదం, వెంటనే పరీక్ష చేయించుకోండి' అనే పిలుపు ఏ మాటతో ముడిపడి చెవికి చేరుతుందో ఊహించవచ్చును. కొందరు అందుకే రారు. మరికొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఆలోచిస్తారు: 'నాకు సంచే లేదు, నాకెందుకు?' అంటారు. గ్రీవంతోసహా తీసినవారి విషయంలో, దేనికి తీసినారన్నదానినిబట్టి, ఆ మాట చాలావరకు సరియే. కాని గ్రీవాన్ని ఉంచి పైభాగం మాత్రమే తీసే శస్త్రచికిత్స కూడా ఉన్నది; వారికి పరీక్ష కావాలి. తనకు తీసినది ఏదో తెలియడానికి చేతిలో కాగితం ఉన్నవారెందరు? ఇంతమంది ఉన్న రాష్ట్రంలో అచ్చయిన కరపత్రంలో వీరికోసం ఒక్క పంక్తి లేకపోవడం ఇతర భాషలనుండి తెచ్చుకొని దించిన వ్రాతకు గుర్తు.

ఖమ్మం జిల్లాకు మరొక జ్ఞాపకం కూడా ఉన్నది. 2009 జులైలో ఇదే క్యాన్సర్‌కు టీకా ఇచ్చే ప్రయోగాత్మక కార్యక్రమం ఇక్కడ మొదలయినది. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గార్డసిల్ టీకా వేసినవి. తిరుమలాయపాలెం మాకు దూరం కాదు. అదీ నేలకొండపల్లీ ఒకే పాలేరు నియోజకవర్గంలోనివి. 2010 మార్చిలో సమా అనే మహిళా ఆరోగ్య సంస్థవారు భద్రాచలం ప్రాంతానికి వచ్చి విచారించినారు. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయినది. ఇక్కడా గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించినారు. ఒకరు క్వారీ నీటిలో మునిగి, ఒకరు పాముకాటుతో, ఇద్దరు పురుగులమందు త్రాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయినట్లు విచారణలో తేలినది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేకపోయినా, టీకాకు సంబంధం ఉన్నట్లు ఆధారం కనబడలేదు. తరువాత ప్రపంచమంతటా కోట్లమందికి ఈ టీకా ఇచ్చినారు. దాని క్షేమం గురించి నాకు సందేహం లేదు.

కాని తప్పు టీకాలో లేకపోయినంత మాత్రాన తప్పే జరగలేదని కాదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఒక లెక్క ఉన్నది: పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలవి, 2,763 పత్రాలమీద సంతకం వసతిగృహపు వార్డెన్లది. ఆశ్రమ పాఠశాలలో చదివే కోయపిల్ల తల్లిదండ్రులకు ఆమె చేతికి వేసిన సూది దేనికో తెలియలేదన్నమాట. సంఘం చేసిన ఆరోపణలను పాథ్ సంస్థ ఖండించినది; వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లినది. అయినా సంతకాలు ఎవరివన్నదానిలో వాదానికి చోటులేదు. మన వ్రాతలు ఈ సంగతిని పూర్తిగా వదలివేస్తవి, లేదా 'పుకార్లను నమ్మవద్దు' అని ఒక్కమాటలో దాటవేస్తవి. చెప్పి అడగలేదన్న ఫిర్యాదును పుకారని పిలవడం న్యాయం కాదు, తెలివైన ప్రచారమూ కాదు.

పరీక్షల గుణదోషాలను గురించి కూడా మన వ్రాతలు మొహమాటపడుతున్నవి. మనదేశంలో విరివిగా చేసేది గ్రీవానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపు, పూసి ఒక నిమిషం తరువాత తెల్లబడిన చోట్లను కంటితో చూడడం, దీనినే వి.ఐ.ఎ. అంటారు. చవకైనది, ఫలితం అప్పుడే తెలుస్తుంది. ముంబయిలో టాటా ఆసుపత్రివారు రెండేళ్లకొకసారి దీనిని చేయించి, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ప్రకటించినారు. కాని ఒకనాటి హైదరాబాదు సంస్థానంలోదే అయిన ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పైవేలమంది స్త్రీలతో జరిపి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఒక్కసారి చేసిన హెచ్.పి.వి. పరీక్షే మరణాలను దాదాపు సగానికి తగ్గించినది. కంటితో చూచే పద్ధతి చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. మన మేడ్చల్ మండలంలో జరిగిన పరిశీలన కూడా కంటి పరీక్ష చాలా కేసులను జారవిడుస్తుందని చూపినది. వయస్సు మళ్లినవారిలో చూడవలసిన భాగం లోపలికి పోవడంచేత అది ఇంకా బలహీనం. ఉస్మానాబాద్ అధ్యయనంలో ఏ పరీక్షా లేకుండా కేవలం పోలికకోసం ఉంచిన గుంపులో 64 మంది ఈ వ్యాధితో చనిపోయినారు; హెచ్.పి.వి. గుంపులో 34 మంది. ఆ గుంపును అట్లా ఉంచడం న్యాయమా అని తరువాత పెద్ద చర్చ నడిచినది. ఇవి పామరులకు అక్కరలేని సంగతులని అనుకోవడమే మన జనరంజక విజ్ఞానానికి పట్టిన జాడ్యం.

హెచ్.పి.వి. పరీక్షకు నమూనాను స్త్రీ తానే, చిన్న బ్రష్‌తో తీసుకొని ఇవ్వవచ్చును. మేడ్చల్‌లోనే ఇది పనికివస్తుందని 2009లో ప్రచురించినారు. గడియ పడని గదిని గురించి చెప్పిన ఉపాధ్యాయినికి ఇది వరం. కాని మిరపతోట ఆమె దీనిని విని, "మేం సరిగ తియ్యకుంటే?" అన్నది, ఆమెకు నర్సు చేయే నమ్మకం. ఒకే సౌకర్యం అందరికీ సౌకర్యం కాదు. ఇంకొక చిక్కు: ఈ వైరస్ దాంపత్య సంబంధంలో సోకుతుందని తెలిసినప్పుడు ఇంట్లో మొదట అనుమానం పడేది ఆమెమీదనే. ఎన్నో ఏళ్లక్రితం సోకినది ఈనాడు బయటపడవచ్చుననీ, పురుషుడికీ ఉంటుందనీ ముందే వ్రాయకపోతే, ఫలితపు కాగితం ఇంట్లో తగవు పెడుతుంది.

పరిభాషను గురించి ఒక మాట. 'గ్రీవం' విద్యార్థులకు సరే. 'ముఖద్వారం' అన్నప్పుడు చాలామంది అది బయటికి కనబడే భాగమనుకొంటున్నారు. ఊళ్లో 'గర్భసంచి మూతి' అంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాటను అచ్చులో వాడడానికి మనకే సిగ్గు.

2009లో టీకా వేయించుకొన్న బాలికలలో పెద్దవారికి ఇప్పటికి 30 ఏళ్లు నిండినవి. అనగా వారు ఈ పరీక్ష వయస్సుకు వచ్చినారు. ఆ టీకా క్యాన్సర్ కలిగించే రకాలలో ముఖ్యమైన రెండింటినే అడ్డుకొంటుంది గనుక వారికీ పరీక్ష అవసరమే. పైగా అందరికీ మూడు మోతాదులు పూర్తయినవో లేదో వారి ఇళ్లలో చాలామందికి గుర్తులేదు. ఆనాడు తమ తరపున వార్డెన్ సంతకం పెట్టిన అమ్మాయి చేతికి ఈనాడు ఒక కరపత్రం అందుతుంది. అందులో 'టీకా వేయించుకొన్నవారు కూడా' అనే మూడు మాటలున్నవా అని నేను చూచిన అన్నిటిలో వెదికినాను. లేవు.