నవ్వు ఆపాల్సిన చోటు

‘మాష్’ సీరియల్ తీసినవాళ్లకూ అమెరికాలోని సీబీఎస్ చానల్‌కూ మొదట్నుంచీ ఒక పేచీ ఉండేది. కామెడీ అన్నాక వెనకాల రికార్డు చేసిన నవ్వులు వినిపించాల్సిందేనని చానల్ పట్టు. కొరియా యుద్ధంలో, మిలిటరీ ఆసుపత్రి గుడారాల మధ్య నవ్వే జనం ఎవరున్నారన్నది రచయిత లారీ గెల్బార్ట్ వాదన. చివరికి రాజీ కుదిరింది. ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం నవ్వులుండవు.

హాస్య నాటికలు రాసే నాకు ఆ రాజీ పెద్ద పాఠం. దాని విలువ తెలియాలంటే 1973 జనవరిలో వచ్చిన ‘సమ్‌టైమ్స్ యూ హియర్ ద బులెట్’ ఎపిసోడ్ చూడాలి. రాసింది కార్ల్ క్లైన్‌ష్మిట్.

సర్జన్ హాకై దగ్గరికి పాత స్నేహితుడు టామీ గిల్లిస్ వస్తాడు. టామీ రచయిత. సిపాయిల గురించి పుస్తకం రాయడానికి తానే సిపాయిగా చేరాడు. తగిలే తూటా చప్పుడు వినపడదన్నది ఆ పుస్తకానికి పెట్టుకున్న పేరు. ఇద్దరూ కలిసి తాగుతారు, అల్లరి చేస్తారు. తర్వాత టామీని స్ట్రెచర్ మీద తెస్తారు. తనకు తూటా చప్పుడు వినపడిందంటాడు. అయితే పేరు మార్చేయమంటాడు హాకై, చేతులు పని చేస్తుండగానే. టామీ ఆ టేబుల్ మీదే పోతాడు.

బయట ఏడుస్తున్న హాకైని ఓదార్చడానికి వచ్చేది హెన్రీ బ్లేక్. అప్పటిదాకా గుమాస్తా రాడార్ చూపించిన చోటల్లా సంతకం పెట్టే ఆఫీసరు, చేపలు పట్టే టోపీ పెట్టుకు తిరిగే మనిషి. యుద్ధంలో కుర్రాళ్లు చనిపోతారని, దాన్ని డాక్టర్లు మార్చలేరని తనకు నేర్పారంటాడు. ఈ మాట గంభీరమైన పాత్ర చేత చెప్పిస్తే ఉపన్యాసమయ్యేది. మనల్ని నవ్వించినవాడు చెప్పాడు గనక గుండెకు తగులుతుంది.

నాకు అంతకన్నా నచ్చింది పతకం సంగతి. మేజర్ ఫ్రాంక్ బర్న్స్ నడుం పట్టేస్తే, యుద్ధంలో గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ తనకూ కావాలంటాడు. అదంతా వట్టి నవ్వులాట అనుకుంటాం. ఇంకోవైపు వయసు చాలకుండానే అన్న కాగితాలతో సైన్యంలో చేరిన కుర్రాడు వెండెల్ ఉంటాడు. ఆ వేషం రాన్ హోవర్డ్‌ది. గుట్టు బయటపెట్టనని వాడికి మాటిచ్చిన హాకై, టామీ పోయాక ఆ మాట తప్పి ఇంటికి పంపిస్తాడు. వాడు జన్మలో క్షమించనంటాడు. హాకై ఫ్రాంక్ పతకాన్ని కొట్టేసి వాడి చేతిలో పెడతాడు. పిట్టకథ అనుకున్నది అసలు కథలోకి వచ్చి కలిసింది. రాసేవాళ్లకు తెలుసు, ఇది ఎంత కష్టమైన పనో.

ఇదంతా గాల్లోంచి పుట్టింది కాదు. కొరియా యుద్ధంలో ఇలాంటి మిలిటరీ వైద్యులు నిజంగానే పనిచేశారు. వాళ్లలో మన 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ కూడా ఉంది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో, 1951 మార్చిలో అమెరికన్ పారాట్రూపర్లతో పాటు విమానాల్లోంచి దూకి క్షతగాత్రులకు వైద్యం చేసింది.

మన టీవీ కామెడీల్లో కంటతడి పెట్టించాలంటే వయొలిన్ మోగుతుంది, నవ్వాలంటే డప్పు. రెండూ అక్కర్లేదు. హాస్యం రాయాలనుకునే కుర్రకారు ఈ ఎపిసోడ్ రెండుసార్లు చూడండి. రెండోసారి ఆ పతకం మీదే కన్నేసి ఉంచండి.